ఢిల్లీ ప్రయాణానికి గిట్టుబాటయ్యే గది

సెలవులు దగ్గర పడుతున్నాయంటే బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "ఢిల్లీ వెళ్తున్నాం, అద్దె తక్కువగా ఉండి కాస్త శుభ్రంగా ఉండే హోటలు ఏదైనా ఉంటే చెప్పండి" అని అడగడం మా ఇంట్లో మామూలే. నేను వెంటనే పేరు చెప్పను. ఏ రైలుకు వెళ్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు, వెంట పెద్దవాళ్లు ఉన్నారా, ఆగ్రా కూడా చూస్తారా అని ముందుగా నేనే నాలుగు ప్రశ్నలు వేస్తాను. అవి విన్నవాళ్లు కొంత విసుక్కుంటారు గానీ, ఢిల్లీలో ఒక గది గిట్టుబాటు అవుతుందో కాదో తేల్చేవి ఆ జవాబులే. ఫోన్ తెరమీద కనిపించే అద్దె ఆ లెక్కలో ఒక పద్దు మాత్రమే.

ఢిల్లీలో చూడవలసినవి ఒకచోట లేవు. ఎర్రకోట, జామా మసీదు పాత నగరంలో ఉన్నాయి, కుతుబ్ మినార్ దక్షిణాన మెహ్రౌలీలో ఉంది, అక్షరధామ్ యమున దాటితే గాని రాదు, ఇండియా గేటు, రాష్ట్రపతి భవనం మధ్యలో ఉన్నాయి. ఎర్రకోట నుంచి కుతుబ్ మినార్‌కు పదిహేను కిలోమీటర్లకు పైమాటే. అందువల్ల "నగరం నడిబొడ్డున" అని హోటలువాళ్లు వేసుకునే ప్రకటనకు ఈ ఊళ్లో పెద్దగా అర్థం లేదు. వీటన్నిటినీ కలిపేది మెట్రో. నా మట్టుకు నేను ముందు మెట్రో పటం చూసి, స్టేషనుకు ఏడెనిమిది నిమిషాల నడకలో ఉన్న వీధులేవో గుర్తించి, ఆ తరువాతే హోటళ్ల జాబితా తెరుస్తాను.

దీనికి ఉదాహరణగా మహిపాల్‌పూర్‌ను తీసుకుందాం. విమానాశ్రయం పక్కన, జైపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో హోటళ్లు వరసగా ఉంటాయి, గదులు ఫోటోల్లో కొత్తగా మెరుస్తుంటాయి, అద్దె కూడా తక్కువే. నలుగురున్న కుటుంబానికి రెండు గదులు కావాలనీ, ఇక్కడ గది 1,500 రూపాయలనీ, కరోల్ బాగ్‌లో అదే స్థాయి గది 2,200 రూపాయలనీ అనుకుంటే, రోజుకు 1,400 రూపాయలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ అక్కడి హోటళ్లలో చాలావాటికి ప్రస్తుతానికి నడిచి వెళ్లే దూరంలో మెట్రో లేదు. పొద్దున ఎర్రకోట దాకా ఒక క్యాబు, రాత్రి తిరిగి రావడానికి మరొకటి పెట్టుకుంటే, ఒక్కొక్కదానికి అయిదారు వందలు వేసుకున్నా మిగిలిన డబ్బులో ముప్పాతిక వంతు రోడ్డు మీదే ఖర్చవుతుంది. పైగా ట్రాఫిక్‌లో రెండు మూడు గంటలు పోతాయి, మధ్యాహ్నం గదికి వచ్చి కాసేపు నడుం వాల్చే వీలు ఉండదు. అరవై దాటిన అమ్మనో అత్తగారినో వెంటబెట్టుకొని వెళ్లేవారికి ఆ మధ్యాహ్నపు గంటన్నర విశ్రాంతి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున విమానం ఉన్న ఆఖరి రాత్రికి మహిపాల్‌పూర్ బాగానే ఉంటుంది, మొత్తం యాత్రకు మాత్రం కాదు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా దిగేది కరోల్ బాగ్‌లో. కారణం లేకపోలేదు. బ్లూ లైను మెట్రో అక్కడి నుంచి ఝండేవాలాన్, ఆర్‌కే ఆశ్రమ్ మార్గ్ మీదుగా రాజీవ్ చౌక్‌కు, ఆపైన బండి మారనక్కరలేకుండానే అక్షరధామ్‌కు తీసుకువెళ్తుంది. కింద అజ్మల్ ఖాన్ రోడ్డు బజారు ఉంటుంది, ఇడ్లీ దోసెలకు కూడా లోటు లేదు. అయితే కరోల్ బాగ్ అంటే ఒకే రకమైన ప్రాంతం కాదు. మెట్రో స్తంభాలకు దగ్గరలో, వెడల్పయిన రోడ్డు మీద ఉన్న హోటలు వేరు, సందులోపలి సందులో నివాస గృహాన్ని అయిదంతస్తులకు పెంచి హోటలుగా మార్చిన భవనం వేరు. 2019 ఫిబ్రవరిలో ఇదే కరోల్ బాగ్‌లో ఒక హోటలులో తెల్లవారుజామున నిప్పంటుకొని 17 మంది చనిపోయారు. అందుకే గది ఎంచుకునేటప్పుడు రెండో మెట్లదారి ఉందా, కిటికీకి తెరవడానికి వీల్లేని ఇనుప చట్రం బిగించారా అన్నది అద్దె కంటే ముందు చూడవలసిన విషయమని నా అభిప్రాయం. గదిలోకి వెళ్లగానే సామాను పెట్టి, అత్యవసర ద్వారం దాకా ఒకసారి నడిచి, దానికి తాళం వేసి ఉందేమో చూసి రావడం నాకు అలవాటు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పహాడ్‌గంజ్ సంగతి వేరు. న్యూఢిల్లీ రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉండటం దాని బలం, ఆ రద్దీయే దాని బలహీనత. మెయిన్ బజారులో రాత్రి పొద్దుపోయేదాకా హోరు తగ్గదు, చాలా పాత భవనాలకు లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. ఒంటరిగా లేదా స్నేహితులతో వెళ్లే కుర్రవాళ్లు రెండు రాత్రులు గడపడానికి దానికి మించిన చవక చోటు లేదు. కుటుంబంతో వెళ్లేవారు స్టేషనుకు దగ్గరే కావాలనుకుంటే, మెయిన్ బజారు కంటే ఉత్తరం వైపున్న ఆరాకషాన్ రోడ్డు కాస్త నయం. ఒక చిన్న మెలిక కూడా గుర్తుంచుకోవాలి: న్యూఢిల్లీ మెట్రో స్టేషను ఉన్నది అజ్మేరీ గేటు వైపు, అంటే పహాడ్‌గంజ్‌కు అవతలి పక్కన. బజారుకు రెండో చివర ఉండేవారికి ఆర్‌కే ఆశ్రమ్ మార్గ్ స్టేషనే దగ్గర.

నన్నడిగితే మాత్రం, నాలుగు రోజులకు మించి ఉండేవారికి దక్షిణాన లాజ్‌పత్ నగర్, కైలాశ్ కాలనీ ప్రాంతాల్లోని గెస్ట్‌హౌస్‌లే మేలు. వీటి పేర్లు మనవాళ్లకు అంతగా తెలియకపోవడం వల్ల ఎవరూ అటు చూడరు. వయొలెట్ లైను ఈ రెండు చోట్ల నుంచీ ఒకవైపు సెంట్రల్ సెక్రటేరియట్, జామా మసీదు, లాల్ ఖిలా స్టేషన్లకూ, మరోవైపు కమల మందిరానికి (లోటస్ టెంపుల్‌కు) దగ్గరగా ఉండే కాల్కాజీ మందిర్ స్టేషనుకూ నేరుగా వెళ్తుంది. లాజ్‌పత్ నగర్ నుంచే పింక్ లైనులో రెండో స్టేషను ఐఎన్‌ఏ. అక్కడ ఢిల్లీ హాట్ అనే చేతిపనుల బజారు చూసుకొని, యెల్లో లైనుకు మారితే కుతుబ్ మినార్ స్టేషను వస్తుంది. ఆ స్టేషనులో దిగగానే మినార్ కనిపిస్తుందని ఆశపడవద్దు, అక్కడి నుంచి ఆటో ఎక్కాలి. పింక్ లైనులోనే రెండోవైపు మూడో స్టేషను సరాయ్ కాలే ఖాన్, అంటే హజ్రత్ నిజాముద్దీన్ రైల్వే స్టేషను. సికింద్రాబాద్ రాజధాని, విశాఖ నుంచి వచ్చే సమతా ఎక్స్‌ప్రెస్ చేరేది ఆ స్టేషనుకే. ఆగ్రాకు వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయలుదేరేదీ అక్కడి నుంచే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో వెళ్లేవారు న్యూఢిల్లీలో దిగుతారు కాబట్టి, ఒకటి రెండు రోజుల మకామైతే వారికి కరోల్ బాగ్ సులువు. ఏ రైలుకు వెళ్తున్నారని నేను మొదట అడిగేది ఇందుకే.

ఆంధ్రా భవన్‌లో గది దొరకదా అని చాలామంది అడుగుతారు. అక్కడి గదులు ప్రధానంగా ప్రజాప్రతినిధులకు, అధికారులకు ఉద్దేశించినవి, వాటిని నమ్ముకొని ప్రయాణం పెట్టుకోకూడదు. భోజనానికి మాత్రం క్యాంటీన్‌కు అందరూ వెళ్లవచ్చు. పప్పు, పచ్చడి, పొడి, నెయ్యితో అక్కడి భోజనం చేయడానికి ఢిల్లీవాళ్లే వరసలో నిలబడతారు.

ఇక కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ చలి మన చలి కాదు. తక్కువ అద్దె హోటళ్లలో గదిని వెచ్చబరిచే ఏర్పాటు ఉండదు, హీటరు అడిగితే రోజుకింత అని విడిగా తీసుకునేవారూ ఉన్నారు. ఆ నెలల్లో వెళ్లేవారు ఏసీ ఉందా అని కాకుండా గీజరు ఎన్ని లీటర్లదని అడగాలి. గోడకు చిన్న పెట్టెలా తగిలించి ఉండే మూడు లీటర్ల గీజరు బకెట్టు సగం నిండేసరికే చల్లబడిపోతుంది, మళ్లీ కాగేదాకా వణుకుతూ నిలబడాలి. నలుగురు స్నానాలు ముగించి బయటపడేసరికి పదవుతుంది. అతిథులు పెట్టిన స్నానాలగది ఫోటోల్లో ఒక మూలన ఈ గీజరు కనిపిస్తుంది, పెద్దది చేసుకొని చూస్తే పరిమాణం తెలిసిపోతుంది. ఏటా నవంబరు 14 నుంచి 27 దాకా ప్రగతి మైదానంలో అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరుగుతుంది, పెళ్లిళ్ల ముహూర్తాలూ అప్పుడే వస్తాయి, కాబట్టి అద్దెలు పెరుగుతాయి, గాలి కూడా ఆ రోజుల్లో ఏమంత బాగుండదు. పిల్లలతో వెళ్లేవారు ఫిబ్రవరి రెండో సగాన్ని ఎంచుకోవడం మంచిది. వారాలు కూడా లెక్క చూసుకోవాలి. ఎర్రకోటకు, కమల మందిరానికి, అక్షరధామ్‌కు సోమవారం సెలవు, తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు. సోమవారాన్ని ఆగ్రాకు కేటాయించుకుంటే ఒక రాత్రి అద్దె వృథా కాదు.

హోటలు యాప్‌లలో ఉండే అభిప్రాయాలను నేను కింది నుంచి చదువుతాను. అయిదు చుక్కలు (స్టార్లు) వేసినవారు "చాలా బాగుంది" అని ఊరుకుంటారు, ఒక చుక్క వేసినవారు కోపంలో ఉంటారు, మూడు చుక్కలు వేసినవారే పనికివచ్చే మాట చెబుతారు. మనం వెళ్లబోయే నెలలోనే అంతకుముందు ఏడాది ఉన్నవారు ఏమన్నారో వెతకాలి. మే నెలలో వెళ్లినవారికి గీజరు సంగతి తెలియదు, జనవరిలో వెళ్లినవారికి ఏసీ సంగతి తెలియదు. ఆ తరువాత హోటలుకు నేరుగా ఫోన్ చేయాలి. హిందీ అంతంతమాత్రంగా వచ్చినా ఫరవాలేదు. కిటికీ ఉన్న గదేనా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుంది?" అని అడిగి చూడండి. ఒకాయన ఈ ప్రశ్నకు కాసేపు మౌనంగా ఉండి, "మేడమ్, గాలి వస్తుంది" అన్నాడు. అంటే అది పక్క భవనం గోడకూ దీనికీ మధ్యనున్న మూరెడు సందులోకి తెరుచుకునే కిటికీ అన్నమాట. అతని మీద నాకు కోపం రాలేదు, ఉన్న అద్దెకు అతను ఉన్నంతలో నిజమే చెప్పాడు. ఆ ఫోన్‌లోనే నేరుగా బుక్ చేసుకుంటే ఎంతకిస్తారో కూడా అడగాలి. యాప్‌కు ఇచ్చే కమిషను మిగులుతుంది కాబట్టి కొందరు అద్దె తగ్గిస్తారు, కొందరు మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే గది ఇస్తారు. రాత్రంతా రైల్లో కూర్చొని ఉదయానికి దిగేవారికి వంద రూపాయల తగ్గింపు కంటే ఈ రెండోదే మేలు. చెప్పినమాట వాట్సాప్‌లో రాసి పంపమనడం మరవకూడదు.

పన్ను గురించి ఒక్కమాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. ఎవరైనా ఇంకా పాత 12 శాతం వేస్తే బిల్లు చూపించి అడగవచ్చు. ఉచిత అల్పాహారం అన్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను. మన పిల్లలు మూడో రోజుకల్లా ఆలూ పరాఠా మొహం మొత్తి, బయట దోసె కోసం చూస్తారు.

గది బుక్ చేసుకున్నాక కూడా స్టేషను బయట ఒక గండం ఉంది. "ఆ హోటలు మూసేశారు", "ఆ రోడ్డులో గొడవలవుతున్నాయి, పోలీసులు పోనివ్వడం లేదు" అని చెప్పి, ప్రభుత్వ పర్యాటక కార్యాలయమంటూ కన్నాట్ ప్లేస్‌లో ఏదో ప్రైవేటు దుకాణానికి తీసుకుపోయేవారు ఎప్పటినుంచో ఉన్నారు. కేంద్ర పర్యాటక శాఖ కార్యాలయం ఉన్నది 88, జనపథ్‌లో. ఎవరేమి చెప్పినా అక్కడే నిలబడి హోటలుకు ఫోన్ చేస్తే నిజం తేలిపోతుంది. అందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి, పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కనుక గది ఇవ్వడానికి దాన్ని ఒప్పుకోరు.

తిరుగు ప్రయాణం నాడు గది మధ్యాహ్నానికే ఖాళీ చేయాలి, రైలు సాయంత్రం దాకా ఉండదు. సామాను రిసెప్షనులో ఉంచుకుంటారో లేదో, దానికి డబ్బు తీసుకుంటారో లేదో మొదటిరోజే అడిగి పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలతో మెట్రో ఎక్కితే తనిఖీ వరసలోనే తల ప్రాణం తోకకు వస్తుంది, ఆ ఒక్క పూటకు ఆటోయే నయం. న్యూఢిల్లీ స్టేషనుకు వెళ్లేటట్టయితే పహాడ్‌గంజ్ వైపు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం, అజ్మేరీ గేటు వైపు పదహారో నంబరు ప్లాట్‌ఫాం ఉంటాయి కాబట్టి, మన బండి ఎటువైపు నిలుస్తుందో ముందుగా చూసుకొని, ఆటో ఎక్కేటప్పుడే ఆ గేటు పేరు చెప్పాలి.