ఎస్‌యూవీ ఊగుడు తగ్గించాలంటే ఎత్తు పెంచక్కర్లేదు: నా అనుభవం

మాది లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం) మీద కట్టిన ఏడు సీట్ల డీజిల్ బండి. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్నీ విడిగా పట్టి ఉంచే పైనా కిందా రెండు చేతులు), వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగులు. ఫార్చ్యూనర్, ఎండీవర్, స్కార్పియో ఎన్ అన్నీ దాదాపు ఇదే పద్ధతి. లక్ష కిలోమీటర్లు దాటాక మా దాంట్లో షాకబ్జర్లు అలిసిపోయాయి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే మలుపు మలుపుకీ ఒక పక్కకి ఒరిగిపోయేది. గాలికొండ రాకముందే వెనక సీట్లో అమ్మకి కడుపులో తిప్పేసేది.

అడిగినవాళ్ళంతా "లిఫ్ట్ కిట్ వేయించెయ్" అన్నారు, అంటే బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, షాకబ్జర్ల సెట్టు. నాకది నచ్చలేదు. బండి బరువు ఎంత ఎత్తులో ఉంటే మలుపులో అంత ఒరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

బరువు మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచేది షాకబ్జర్. ఈ రెంటిలో ఏది పోయిందో తేలకుండా కిట్ కొనకూడదని నా గట్టి అభిప్రాయం. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచాను. ఎడమ, కుడి సమానంగానే ఉన్నాయి, వెనక కూర్చుండిపోలేదు. అంటే స్ప్రింగులు బాగానే ఉన్నాయి. ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి ఆస్ట్రేలియా కిట్లలో ఒకే బండికి బరువుని బట్టి రకరకాల స్ప్రింగులుంటాయి. బుల్ బార్ (ముందు బంపర్‌కి బిగించే ఇనుప రక్షణ చట్రం), రూఫ్ క్యారియర్, ఎప్పుడూ నిండా సామాను ఉండేవాళ్ళకి గట్టివి. మామూలు రోజుల్లో ఇద్దరు ముగ్గురమే తిరిగే మాకు అవి వేస్తే ఒళ్ళు హూనమే.

అందుకే పాత స్ప్రింగులు ఉంచేసి నాలుగు మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) గ్యాస్ షాకబ్జర్లు, స్టెబిలైజర్ బార్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు అంటే రబ్బరు తొడుగులు, ఆ కడ్డీని చక్రాల వైపు కలిపే లింక్ రాడ్లు మార్పించాను. మోనోట్యూబ్‌లో ఆయిల్‌కీ నైట్రోజన్‌కీ మధ్య ఒక పిస్టన్ అడ్డుంటుంది. ఎడతెగని ఘాట్‌లో ఆయిల్ వేడెక్కినా అంత తేలిగ్గా నురగ కట్టదు, పట్టు తగ్గదు. రాయి తగిలి గొట్టం సొట్టపడితే మాత్రం పనికిరాదు.

బిగింపులో అసలు కిటుకు మెకానిక్ చేతుల్లో చూశాను. ముందు కాయిల్‌ని కంప్రెసర్‌తో నొక్కి పట్టేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బుష్‌లున్న బోల్టులన్నీ చేత్తో మాత్రమే తిప్పి వదిలేశాడు. ఎందుకన్నా అంటే, "చక్రాలు గాల్లో ఉండగా బిగించేసినామనుకోండి సార్, బండి దిగాక రబ్బరు మెలితిరిగి ఉండిపోద్ది. తొందరగా చిరిగిపోద్ది" అన్నాడు. బండిని కిందకి దింపి, ముందూ వెనకా కాస్త ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగించామో కొలిచే పానా) ఒక్కో బోల్టూ బిగించాడు. మీరు ఎక్కడ చేయించినా ఈ ఒక్కటీ దగ్గరుండి చూసుకోండి.

తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం) ఒక్కటే చూసి పంపేసే చోటికి వెళ్ళకండి. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు) కూడా చూసి ప్రింట్ ఇచ్చే చోటే చేయించండి.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటితే ఒక్కసారి లేచి కుదురుకుంటుంది. ఘాట్‌లో స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి తిరుగుతోంది, ఒరగడం బాగా తగ్గింది. అమ్మ అరకు దాకా కబుర్లు చెబుతూ వచ్చింది. ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చిన్న గుంతలు మునుపటికంటే కాస్త ఎక్కువే తెలుస్తున్నాయి, అది ఒప్పుకోవాల్సిందే. కొత్త బుష్‌లు సర్దుకున్నాక అలైన్‌మెంట్ మరోసారి చూపించాలి.