పెన్న ఒడ్డు నడక: ముక్కలు కలుపుకుంటూ వేసిన దారి

నెల్లూరులో పెన్న ఒడ్డున ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే కాలిబాట అంటూ లేదు. గుడి దగ్గర కాసిన్ని మెట్లు, ఇంకోచోట మట్టికట్ట, మరోచోట చిల్లచెట్ల మధ్య గొర్రెలు తొక్కిన జాడ, అది కూడా పోతే వట్టి ఇసుక. వీటన్నిటినీ కలుపుకుంటూ ఊరివైపున్న కుడి ఒడ్డు మొత్తం నడవాలని పెట్టుకున్నాను. ఒకేసారి కాదు, వీలున్న ఆదివారాల్లో, ముక్క ముక్కగా. ఎక్కడ ఆపానో తర్వాతి వారం అక్కడినుంచే మొదలు. ఆపినచోటు గుర్తుకు ఫోన్‌లో ఒక ఫోటో, మ్యాప్‌లో ఒక చుక్క పెట్టుకుంటాను. ఇప్పటిదాకా తేలింది ఇది.

జూన్, రంగనాయకులపేట

మొదలుపెట్టడానికి తల్పగిరి రంగనాథస్వామి గుడికి మించిన చోటు లేదు. బండి పెట్టుకోవచ్చు, తాగునీళ్ళు దొరుకుతాయి, తెల్లవారుజామునే మనుషులు తిరుగుతుంటారు. గాలిగోపురం దూరం నుంచి కూడా కనిపిస్తుంది కాబట్టి ఏట్లో ఎక్కడున్నా దిక్కు తెలుస్తుంది. తిక్కన ఈ ఒడ్డునే కూర్చుని భారతం రాశాడని మా ఊరివాళ్ళు చెప్పుకుంటారు. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉండి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసిన మనిషి. ఆయన రోజుల్లో ఈ ఒడ్డు ఎలా ఉండేదో గానీ, ఇప్పుడైతే మెట్ల దగ్గర పూజలు చేసి వదిలేసిన పటాలు, ప్లాస్టిక్ కవర్లు దాటుకునే వెళ్ళాలి. చెప్పులతో వెళ్ళేవాళ్ళు గాజుపెంకులు చూసుకోండి.

ఎండాకాలంలో ఐదున్నరకల్లా మొదలుపెడితే ఏడున్నరకి ముగించాలి. జూన్‌లో కూడా మన ఎండ తగ్గదు. ఎనిమిది దాటిందంటే ఇసుక కాలడం మొదలవుతుంది, నీడ అనేది లేదు. ఇంకో లెక్క: రోడ్డు మీద కిలోమీటరుకి నాకు పదకొండు, పన్నెండు నిమిషాలు పడుతుంది. ఏటి ఇసుకలో అదే కిలోమీటరు ఇరవై నిమిషాలు దాటుతుంది, పిక్కలు లాగేస్తాయి. అందుకని ఇసుకలో వెళ్ళేటప్పుడు దూరం చూసుకోను, టైమ్ చూసుకుంటాను. అరగంట ముందుకు, అక్కడినుంచి వెనక్కి.

గుడి నుంచి కిందికి వెళ్తే బోడిగాడితోట శ్మశానం పక్కగా పోవాలి. పొద్దున్నే అక్కడ కర్మలకు వచ్చినవాళ్ళు ఉంటారు. ఆ ముక్కలో ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కకు తప్పుకుని నడిచిపోవడం మర్యాద. ఫోటోలు తీయను.

జూలై, బ్యారేజీ

పెన్న మీద పాత ఆనకట్ట 19వ శతాబ్దం నాటిది. సర్వేపల్లి కాలువకీ, జాఫర్ సాహెబ్ కాలువకీ నీళ్ళు అక్కడినుంచే వెళ్ళేవి. దాని స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబర్ 6న, సంగం బ్యారేజీతో పాటు ప్రారంభించారు. దీనికి నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి పేరు పెట్టారు, సంగందానికి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు. పైన రోడ్డు ఉంది కాబట్టి నడిచేవాళ్ళకి అసలు లాభం ఇక్కడే: ఇటు గట్టు నుంచి అటు గట్టుకి పొడికాళ్ళతో దాటొచ్చు. వాహనాలు కూడా తిరుగుతాయి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్క నడవండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవద్దు.

బ్యారేజీ మీద నిలబడి చూస్తే పైవైపు నీళ్ళు నిండుగా, కిందివైపు ఇసుకా రాళ్ళూ గుంతలూ కనిపిస్తాయి. ఒకే ఏరని నమ్మడం కష్టం. పిట్టల కోసం వచ్చేవాళ్ళకి మాత్రం ఆ కిందివైపే పండగ. తెల్లకొంగలు, నీటికాకులు, ఎప్పుడైనా ఒక లకుముకి పిట్ట. నా ఫోన్ కెమెరాకి అవి అందవు, చూసి ఊరుకుంటాను.

పడుగుపాడు వైపు వెళ్ళే రైలు వంతెన మీదుగా అడ్డదారి ఉందని కొందరు చెబుతారు. వినొద్దు. పట్టాల మీద నడవడం 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం, ఆరు నెలల జైలు దాకా పడొచ్చు. అది పక్కన పెట్టినా, చెన్నై, విజయవాడ లైన్‌లో రైళ్ళు ఎంత వేగంగా వస్తాయో తెలిసినవాడెవడూ అక్కడ కాలు పెట్టడు. వంతెన కిందనుంచి పోవడానికి దారి ఉన్నరోజు కిందనుంచి పోతాను, లేనిరోజు ఊళ్ళోకి ఎక్కి చుట్టు తిరిగి వస్తాను.

అక్టోబర్ నుంచి: గేట్ల లెక్క

ఈ నడకలో నేను నేర్చుకున్న పని అంతా ఇక్కడుంది. పెన్న నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు వచ్చి మన జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి పొడుగునా వానలు తక్కువ పడే నేల. అందుకే ఏడాదిలో ఎక్కువ నెలలు నెల్లూరు దగ్గర ఇసుకే చూస్తాం. మనకి గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కానీ నెల్లూరులో పడిన వానని బట్టి ఏరు పొంగదు. పైన కడప వైపు చెయ్యేరులాంటి ఉపనదులు వచ్చినప్పుడు పెన్న మీది సోమశిల జలాశయం నిండుతుంది, అక్కడ గేట్లు ఎత్తితే ఇక్కడికి నీళ్ళు వస్తాయి. నెల్లూరులో ఎండ కాస్తున్న రోజే ఏరు వచ్చేయొచ్చు. నీలం ఆకాశం చూసి ఏట్లో దిగేవాళ్ళకి ఈ సంగతి ముఖ్యం.

సోమశిల సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అది నిండింది అనగానే పెన్నకి నీళ్ళు వదులుతారని కూడా కాదు, కొంత కండలేరు జలాశయానికి మళ్ళిస్తారు. తెలుగుగంగ పథకం కింద చెన్నైకి నీళ్ళు వెళ్ళేది అక్కడినుంచే. కాబట్టి పేపర్లో చూడాల్సింది జలాశయంలో ఎంత నిల్వ ఉందని కాదు, పెన్నకి ఎన్ని క్యూసెక్కులు, అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు, వదిలారని. ఒక లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే వార్తల్లో చెప్పే వరద ఎంతో అంచనా దొరుకుతుంది.

నా నియమం సులువు. విడుదల వార్త వచ్చిందంటే, అంకె చిన్నదైనా సరే, ఇసుకలోకి దిగను. కట్ట మీదే. నీళ్ళు తగ్గాక కూడా రెండు మూడు వారాలు ఆగుతాను. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళతో నిండి పైకి మామూలు మడుగుల్లా కనిపిస్తాయి, లోతు తెలీదు. ఒకరోజు అలాంటిచోట గొర్రెలు కాసే పెద్దాయన దూరం నుంచే కేకేశాడు: "అబ్బయ్యా, ఆ పక్క పోబాక! నడుముల్లోతు ఉండాది, అడుగంతా బురద." ఆయన కర్రతో చూపించిన దారినే తర్వాత నేను మ్యాప్‌లో గీసుకున్నాను. ఫోన్ మ్యాప్‌లో అదంతా నీలంగా ఉంటుంది కాబట్టి నా నడక గీత చూసినవాళ్ళు నేను ఈత కొట్టాననుకుంటారు.

2021 నవంబర్ వరద చూసినవాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు, పెన్న కలిసి వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, హైవే మీద లారీలు ఆగిపోయాయి, భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ కాలనీల పక్కగా నడిచేటప్పుడు ఎవర్నైనా అడగండి, గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో చేత్తో చూపిస్తారు. ఏ పుస్తకంకన్నా అది మంచి కొలత.

సామాను

క్యాన్వాస్ బూట్లు పనికిరావు. పల్లేరుకాయలు అడుగులోంచి దిగుతాయి, చిల్లముల్లు అయితే సగం లోపలికి వచ్చేస్తుంది. మందపాటి రబ్బరు అడుగున్న బూట్లు, పొడుగు సాక్సులు. ఒక పిన్నీసు దగ్గరుంచుకోండి, ముల్లు తీయడానికి. లీటరు నీళ్ళ సీసా, టోపీ, చేతిలో ఒక కర్ర. కర్ర కుక్కలకి, అంతకన్నా ఎక్కువగా తడి ఇసుక గట్టిగా ఉందో లేదో పొడిచి చూడటానికి. ఒంటరిగా ఇసుకలోకి వెళ్ళను. తోడు దొరకని రోజు కట్ట, రోడ్డు చాలు. ముగిశాక రంగనాయకులపేట వీధుల్లో కారం దోశ తింటాను. నడిచి కరిగించిన లెక్క అక్కడితో సరి.

వానాకాలం బదులు

ఏరు వచ్చిన వారాల్లో స్వర్ణాల చెరువు కట్ట మీదికి మారాను. ఇరుకళల పరమేశ్వరి గుడి, గణేష్ ఘాట్, బారాషహీద్ దర్గా, అన్నీ చెరువునే ఆనుకుని ఉన్నాయి. నడవడానికి సుఖం, కుటుంబంతో వెళ్ళొచ్చు. మొహర్రం నెలలో రొట్టెల పండగ రోజుల్లో మాత్రం నడక అన్నమాట మర్చిపోండి. రొట్టె మార్చుకోవడానికి వెళ్ళండి, అది వేరే సంగతి. నిజం చెప్పాలంటే చెరువు నాకంత పట్టలేదు. ఎటు చూసినా అవతలి ఒడ్డు కనిపిస్తుంది.

జనవరి, ఊరి బయట

నడవడానికి సంక్రాంతి తర్వాతి నెల అన్నిటికన్నా బాగుంటుంది. మంచు తెరిపిస్తుంది, ఎండ నొప్పించదు. ఎగువన నరసింహకొండ ఎక్కి చూస్తే పెన్న మలుపు మొత్తం కనిపిస్తుంది, అవతలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి. ఒడ్డు వెంట నెల్లూరు నుంచి అక్కడిదాకా కలపాలని చూశాను గానీ మధ్యలో పొలాలు, కాలువలు అడ్డం. రైతు ఒప్పుకున్నచోట గట్టు మీద నడిచాను, లేనిచోట రోడ్డెక్కాను. నాట్లు పడ్డాక గట్లు మెత్తగా ఉంటాయి, తొక్కితే విరుగుతాయి. అప్పుడు అడగకపోవడమే మంచిది.

మిగిలింది దిగువ ముక్క. పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం దాకా వెళ్ళాలి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించింది అది, ఇప్పటికీ ఏటి ఒడ్డునే ఉంది. వెళ్ళేటప్పుడు నడక, వచ్చేటప్పుడు ఇందుకూరుపేట వైపు నుంచి బస్సో ఆటోనో. ఆ దారిలో ఎక్కడెక్కడ కాలువలు దాటాలో, వాటి మీద మనిషి నడిచే వంతెనలు ఎక్కడున్నాయో ముందు బండి మీద వెళ్ళి చూసి రావాలి. ఫిబ్రవరిలో ఆ పని పెట్టుకున్నాను. ఎండలు ముదిరేలోగా ముగించాలి.