మగ హార్మోను పరీక్ష, ప్రోస్టేట్ వైద్యం: నా అనుభవం

రాత్రిపూట మూత్రానికి పదేపదే లేవవలసి రావడం, ధార సన్నబడటం, వెళ్లివచ్చిన తరువాత కూడా ఇంకా మిగిలి ఉన్నట్టే అనిపించడం నాకు కొంతకాలంగా ఉన్నాయి. అరవై దాటినవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం సాధారణమేనని కావలిలో మేము చూపించుకునే డాక్టరుగారు చెప్పి, స్కానింగుకు, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్షకు రాసిచ్చారు. అవి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. మామూలుగా 20, 25 గ్రాములుండే గ్రంథి నాకు 48 గ్రాములుందనీ, పీఎస్‌ఏ 2.6 అనీ తేలింది.

అసలు కష్టం మా బావగారి సలహాతో వచ్చింది. వయసుతో మగ హార్మోను తగ్గడం వల్లనే గ్రంథి ఉబ్బుతుందని, ఇంజక్షన్లతో దానిని భర్తీ చేస్తే అంతా సర్దుకుంటుందని ఆయన ఎవరి దగ్గరో విని, నెల్లూరులో ఒక ల్యాబు వారు పురుషుల కోసం ప్యాకేజీ పెట్టారంటూ నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు. భోజనం ముగించుకొని మేము అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కౌంటరులోని అమ్మాయి నా చీటీ చూసి, హాలంతా వినపడేలా, "అన్నా, ఈ తాతకి మగతనం టెస్టంట, ఇప్పుడు తీస్తావా?" అని లోపలికి కేకవేసింది. కుర్చీలలో ఉన్న ఆడవాళ్లు, పిల్లలు, ఒకప్పుడు మా ట్రెజరీలో నా చేత పింఛను కాగితాలు సరిచేయించుకున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు, అందరూ ఒక్కసారిగా తలలెత్తి నా వంక చూశారు. సర్వీసు మొత్తంలో ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా రాయించుకోని నాకు ఆ హాలులో ఎటు చూడాలో తెలియలేదు. పక్కనున్న బావగారు నవ్వారు. ఆ నవ్వు సంగతి ఆయనతో ఇంకా తేల్చుకోవలసి ఉంది. అంతటితో వదలక, కోరికలు ఎలా ఉన్నాయన్న ప్రశ్నలను కూడా అక్కడే నిలబెట్టి అడగబోతే, కాగితం ఇస్తే రాసిస్తానని నేను గట్టిగా చెప్పవలసివచ్చింది. ఇటువంటి చోట్ల మీరు కూడా కాగితమే అడగండి, నోటితో జవాబు చెప్పకండి.

రిపోర్టులో మగ హార్మోను, అంటే టెస్టోస్టెరాన్, 262 అని, 300 కంటే తక్కువ గనుక లోపమని ముద్ద అక్షరాలలో అచ్చువేసి ఉంది. అదే భవనంలోని క్లినిక్కులో నా పీఎస్‌ఏ కాగితం వైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఇంజక్షన్ల కోర్సు ధర చెప్పారు.

మా అమ్మాయి పట్టుబట్టడంతో నెల్లూరు పొగతోటలో ఒక యూరాలజిస్టును, అంటే మూత్రవ్యాధుల నిపుణుడిని, కలిశాను. రక్తం ఎన్ని గంటలకు ఇచ్చారన్నదే ఆయన అడిగిన మొదటి మాట. ఈ హార్మోను ఉదయం ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతుందని, భోజనం చేసినా తగ్గుతుందని, అందువల్ల పరగడుపున, ఉదయం పది లోపల ఇచ్చిన రక్తాన్నే లెక్కలోకి తీసుకోవాలని, ఒక్క పరీక్షతో లోపమని తీర్మానించకూడదని చెప్పారు. ఉదయం మళ్లీ చేయిస్తే 338 వచ్చింది.

తరువాత ఆయన చెప్పినది విన్నాక మా బావగారి సిద్ధాంతం పూర్తిగా తలకిందులైంది. టెస్టోస్టెరాన్ గ్రంథిలోకి చేరాక, 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దానిని డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుందట. గ్రంథిని పెంచేది ముఖ్యంగా ఇదేననీ, వయసుతో రక్తంలో టెస్టోస్టెరాన్ తగ్గినా గ్రంథి లోపల ఇది అంతగా తగ్గదనీ, పైగా పొట్ట కొవ్వు మగ హార్మోనును ఈస్ట్రోజెన్‌గా మార్చడం వల్ల ఆ ఆడ హార్మోను వాటా పెరిగి, అది కూడా గ్రంథి పెరుగుదలకు తోడవుతుందని భావిస్తున్నారనీ వివరించారు. పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించిన కొందరు మగవారిలో ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోవడం 1970లలో డొమినికన్ రిపబ్లిక్‌లో గమనించారని, ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టెరైడ్ వంటి మందుల ఆలోచన అక్కడి నుంచే వచ్చిందని ఆయన చెబుతుంటే, ఇంజక్షను వారు ఇందులో ఒక్క ముక్కైనా చదివారా అనిపించింది. మూత్ర లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికి, పీఎస్‌ఏ ఎక్కువగా ఉన్నవారికి టెస్టోస్టెరాన్ మొదలుపెట్టకూడదట. అది చూడకుండానే ధర చెప్పినవారిని ఏమనాలో నాకు తెలియదు.

ఆయన దగ్గర మూత్రధార వేగం కొలిచే పరీక్షకు కడుపు నిండా నీళ్లు తాగించి కూర్చోబెట్టారు కానీ, అక్కడి కాంపౌండరు మర్యాదగా తలుపు వేసి వెళ్లిపోయాడు.

ట్యామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మందు రాశారు. మొదటిది మూత్రమార్గం దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది గనుక వారంలోపే ధార మెరుగుపడింది. అయితే మంచం మీద నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, ఒక నిమిషం కూర్చొని లేవాలి. రెండవది ఆ ఎంజైమును అడ్డుకునే రకమే, అది గ్రంథిని కుదించడానికి ఆరు నెలలైనా పడుతుంది. కోరిక తగ్గవచ్చని డాక్టరుగారు ముందే, తలుపు మూసి, చెప్పారు. గర్భిణులు ఆ మందును తాకకూడదు. మా అమ్మాయి కాన్పుకు వచ్చి ఉన్నందువల్ల సీసాను నా బీరువాలోనే పెట్టుకున్నాను. ఈ మందు వాడుతుంటే ఆరు నెలలకు పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది గనుక, అప్పుడు వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలని ఫైలు అట్ట మీద ఎర్రసిరాతో రాసిపెట్టాను; కొత్త డాక్టరు ఎవరైనా చూస్తే తప్పుడు ధైర్యం చెప్పకుండా ఉంటారు.

ల్యాబు వారికి మాత్రం, రక్తం తీసుకునే వేళ గురించి ముందుగా చెప్పనందుకు డబ్బు వాపసు ఇవ్వాలని రిజిస్టర్డు పోస్టులో అర్జీ పంపాను. అక్నాలెడ్జ్‌మెంటు కార్డు వచ్చింది, జవాబు రాలేదు.