తుపాకీ కాదు బాబూ, ఎయిర్ రైఫిల్

పోయిన నెల మా అమ్మాయి ఎయిర్ రైఫిల్‌ని హైదరాబాద్ పంపడానికి బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల మూడు కొరియర్ ఆఫీసులు తిరిగాను. మూడు చోట్లా వెనక్కి పంపారు.

అమ్మాయి పదో తరగతి, 10 మీటర్ల రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఈ రైఫిల్ పేలేది కుదించిన గాలితో; రాత్రి దాని సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపి పెడితే తెల్లారేసరికి గేజ్ 150 చూపిస్తోంది, అంటే ఎక్కడో సీల్ పోయింది. నమ్మకంగా బాగుచేసే ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు, పార్సిల్ చేసేస్తే పోలా అనుకున్నా.

మొదటి కౌంటర్‌లో కుర్రాడిది మదనపల్లె. తెలుగు వినగానే మొహం వెలిగిపోయింది, "ఏముంది సార్ లోపల" అని అడిగేదాకా అంతా బాగానే ఉంది. చెప్పాను. పెన్ను కింద పెట్టేసి లైసెన్స్ చూపించమన్నాడు. అక్కర్లేదయ్యా, 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి దాటకపోతే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అవసరం లేదు, పోటీల్లో వాడే ఈ రైఫిల్ 7.5 జౌల్స్ దగ్గరే ఆగుతుంది అని, బిల్లు కూడా తీసి చూపించి, మొత్తం వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "అదంతా మీకు తెలుసు సార్, ఎక్స్‌రే దగ్గర కూర్చున్నోడికి కనిపించేది తుపాకీయే కదా" అన్నాడు. ఏం మాట్లాడతాం? చట్టం లైసెన్స్ అడగనంత మాత్రాన కొరియర్ వాళ్లు తీసుకోవాలని ఎక్కడా లేదు.

రెండో చోట ఏజెంట్ చాలా మంచివాడు, ఎక్కువ మంచివాడు. కెమెరా ట్రైపాడ్ అని రాసేద్దాం సార్ అన్నాడు. వద్దన్నాను. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో ట్రైపాడ్ కాస్తా రైఫిల్‌గా తేలితే ఫోన్ వచ్చేది అతనికి కాదు, ఫారం మీద సంతకం పెట్టిన నాకు. పెట్టె పోయినా అడిగే మొహం ఉండదు.

మూడో చోట పోలీస్ స్టేషన్ నుంచి లెటర్ తెమ్మన్నారు. వెళ్తే, లైసెన్సే లేని వస్తువుకి ఏమని లెటర్ ఇవ్వాలి అని వాళ్లు నన్నే అడిగారు!

ఇంత జరిగినా సిలిండర్ సంగతి ఒక్కళ్లూ ఎత్తలేదు. పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుళ్లు, లేని రైఫిల్ దుడ్డుకర్రతో సమానం. కానీ కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల పైచిలుకు, ఈ సిలిండర్‌లో దానికి తొంభై రెట్లు. విమానాల లెక్కలో కుదించిన గాలి ప్రమాదకర సరుకే, ఐక్యరాజ్యసమితి జాబితాలో దానికి యూఎన్ 1002 అని నంబరు కూడా ఉంది. అందుకే పోటీలకి విమానంలో వెళ్లే పిల్లలు గాలంతా వదిలేసి, సిలిండర్ విప్పి, చెక్-ఇన్ సామానులో ఉందని ముందే చెప్పి వేస్తారు. నేనూ ఖాళీ చేసే తీసుకెళ్లాననుకోండి, అయినా అడగాలి కదా. తుపాకీ ఆకారానికి ఉన్న భయం గాలికి లేదు.

చివరికి కాచిగూడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైఫిల్ పెట్టెకి తాళం వేసి, లోయర్ బెర్త్ కింద పెట్టుకుని, బిల్లు, ఆధార్, క్లబ్బు వాళ్ల ఉత్తరం జేబులో. ఎవరూ అడగలేదు, నాకైతే రాత్రంతా నిద్ర లేదు.

బాగుచేసే ఆయన ముందు సిలిండర్ మీద గడువు తేదీ చూశారు. వీటికి తయారీదారులు సాధారణంగా 10 ఏళ్లే ఇస్తారు, ఆ తేదీ దాటినది పోటీలో పెట్టుకుంటే బాధ్యత షూటర్‌దే. మాదానికి ఇంకా టైముంది. తర్వాత వాల్వ్ విప్పి, చిటికెనవేలి ఉంగరం కన్నా చిన్న రబ్బరు రింగొకటి తీసి, కొత్తది పెట్టి, పావుగంటలో చేతికిచ్చేశారు. దీనికోసమా నేను బెంగళూరు నుంచి వచ్చింది?

అరడజను రింగులు కొని తెచ్చుకున్నా. ఇంకా కావాలంటే చెప్పండి, కొరియర్‌లో పంపిస్తానన్నారు.