సోర్స్ దొరకలేదు అంటుంటే సెక్యూరిటీ వెంట పడటం

మంగళవారం.

ఈ రోజు పనంతా ఒక్క ఎర్రర్ చుట్టూనే సాగింది. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చిన, మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్‌తో రాసిన వెబ్ అప్లికేషన్ అది. పేజీలు తెరుచుకుంటున్నాయి, లాగిన్ అవుతోంది, రిపోర్టులు వస్తున్నాయి. ఫైల్ జతచేసి సేవ్ నొక్కితే మాత్రం ఎర్రర్ పేజీ. దాని మీద సెక్యూరిటీ ఎక్సెప్షన్ (ఎక్సెప్షన్ అంటే కోడ్ నడుస్తుండగా తలెత్తే లోపం), కింద ఈ వాక్యం: "ద సోర్స్ వాజ్ నాట్ ఫౌండ్, బట్ సమ్ ఆర్ ఆల్ ఈవెంట్ లాగ్స్ కుడ్ నాట్ బి సెర్చ్‌డ్. ఇన్‌యాక్సెసిబుల్ లాగ్స్: సెక్యూరిటీ."

విండోస్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ మీద పనిచేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే వాక్యమే ఇది. కనబడగానే చూపు చివరి మాట మీదికి పోతుంది. సెక్యూరిటీ లాగ్‌కి పర్మిషన్ లేదంటోంది కాబట్టి ఇచ్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. అసలు సంగతి మొదటి ముక్కలో ఉంది: సోర్స్ దొరకలేదు. రెండో ముక్క, ఎందుకు వెతకడం పూర్తి కాలేదో చెప్పే వివరణ మాత్రమే.

లోపల జరిగేది ఇది. ఏ అప్లికేషన్ అయినా విండోస్ సంఘటనలు నమోదయ్యే ఈవెంట్ లాగ్‌లో రాయాలంటే తన పేరు మీద ఒక సోర్స్, అంటే రాసేది ఎవరో చెప్పే పేరు, ముందే రిజిస్టర్ అయి ఉండాలి. ఆ వివరం విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో హెచ్‌కెఎల్‌ఎమ్ కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, ఈవెంట్‌లాగ్ అనే కీలో ఉంటుంది. దాని కింద అప్లికేషన్, సిస్టమ్, సెక్యూరిటీ వంటి లాగ్‌లకు ఒక్కో కీ, ఆ లాగ్ కీ కింద ఒక్కో సోర్స్‌కి ఒక కీ. లాగ్‌లో రాయడానికి రైట్‌ఎంట్రీ అని పిలిచినా, సోర్స్ ఉందో లేదో తెలుసుకోవడానికి సోర్స్‌ఎగ్జిస్ట్స్ అని అడిగినా డాట్ నెట్ ఈ లాగ్ కీలన్నీ తిరిగి ఆ పేరు ఎక్కడుందో చూస్తుంది. ఎక్కడో ఒకచోట కనబడితే అక్కడితో వెతకడం ఆగిపోతుంది, తెరవలేకపోయిన కీల ఊసే రాదు. ఎక్కడా కనబడకపోతే, తెరవలేని కీ ఒక్కటైనా ఉంటే, "లేదు" అని తేల్చి చెప్పలేదు కదా, అందుకే ఎక్సెప్షన్. సెక్యూరిటీ కీ చదివే హక్కు మామూలు అకౌంట్లకి ఉండదు. కొన్ని మెషీన్లలో జాబితాలో సెక్యూరిటీ పక్కనే స్టేట్ అనే పేరు కూడా వస్తుంది. కారణం అదే.

అంటే సోర్స్ ఉన్న సర్వర్‌లో ఈ ఎర్రర్ రాదు, లేని సర్వర్‌లో వస్తుంది. పర్మిషన్లు రెండుచోట్లా ఒకటే. పాత సర్వర్‌లో ఎప్పుడో ఒక ఇన్‌స్టాలర్ అడ్మిన్ హక్కులతో నడిచి సోర్స్ తయారుచేసి ఉంటుంది. కొత్తదానిలోకి ఫైళ్లు మాత్రమే కాపీ అయ్యాయి, రిజిస్ట్రీ కాదు. పనిని పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక చాలా సర్వర్లు ఉన్నచోట ఇది ఇంకా తికమక పెడుతుంది. ఒకదానిలో సోర్స్ ఉండి, ఇంకోదానిలో లేకపోతే ఎర్రర్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. జనం కోడ్‌ని అనుమానిస్తారు. అలాంటప్పుడు ముందు చేయాల్సిన పని ప్రతి సర్వర్‌లోనూ ఆ రిజిస్ట్రీ కీ ఉందో లేదో చూడటం.

పర్మిషన్ దారి పట్టినవాళ్లు ఎక్కడ తేలతారో రాసిపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఈ దారి ప్రతి మెట్టు దగ్గరా సరైనదే అనిపిస్తుంది. సెక్యూరిటీ కీ మీద యాప్ పూల్‌కి, అంటే ఐఐఎస్‌లో అప్లికేషన్‌ని నడిపే ప్రాసెస్ అకౌంట్‌కి, రీడ్ ఇస్తారు. పాత ఎర్రర్ పోతుంది. దాని స్థానంలో కొత్తది: "రిక్వెస్టెడ్ రిజిస్ట్రీ యాక్సెస్ ఈజ్ నాట్ అలౌడ్." వెతకడం ఇప్పుడు పూర్తయింది, సోర్స్ లేదని తేలింది, కాబట్టి రైట్‌ఎంట్రీ తానే దాన్ని తయారుచేయబోయింది. కీ సృష్టించే హక్కు లేదు. దాంతో ఈవెంట్‌లాగ్ కీ మొత్తం మీద ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. ఇంకొందరు పూల్ అకౌంట్‌ని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులోనే వేసేస్తారు. ఎర్రర్ పోయింది, నిజమే. కానీ ఆ కీల్లోనే ఒక్కో లాగ్ ఫైల్ ఎక్కడుండాలో, ఎంత సైజు దాకా పెరగాలో, దాన్ని ఎవరు చదవాలో రాయాలో చెప్పే విలువలు ఉంటాయి. ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడ్డ వెబ్ అప్లికేషన్ చేతికి వాటిని ఇచ్చామన్నమాట. రేపు ఎవరైనా అప్లికేషన్‌లోకి చొరబడితే ముందు చెరిపేది తమ అడుగుజాడలనే. ఒక్క సోర్స్ పేరు కోసం ఇంత మూల్యం అస్సలు తగదు.

సరైన పని చిన్నది, ఒక్కసారి చేసేది. అడ్మిన్‌గా తెరిచిన విండోస్ పవర్‌షెల్‌లో న్యూ-ఈవెంట్‌లాగ్ కమాండ్‌కి లాగ్‌నేమ్ దగ్గర అప్లికేషన్ అనీ, సోర్స్ దగ్గర కోడ్‌లో వాడిన పేరూ ఇస్తే చాలు. పేరు కాన్ఫిగ్ ఫైల్ నుంచి నేరుగా కాపీ చేయాలి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా రిజిస్ట్రీకి పట్టదు గానీ, చివర్లో ఒక ఖాళీ మిగిలిపోయినా అది వేరే పేరే. తయారుచేయగానే ఆ క్షణంలోనే రాయబోతే ఒక్కోసారి దొరకదు. సోర్స్‌ల జాబితా విండోస్ తిరిగి చదువుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

ఇక్కడ రెండు మూడు చిక్కులున్నాయి. పవర్‌షెల్ 7లో ఈ కమాండే లేదు, 5.1లో నడపాలి. లేదా డాట్ నెట్‌లోని క్రియేట్‌ఈవెంట్‌సోర్స్‌ని నేరుగా పిలవాలి. పవర్‌షెల్ ఊసు లేకుండా ఈవెంట్‌క్రియేట్ అనే పాత కమాండ్‌తోనూ సోర్స్ తయారుచేయొచ్చు, కానీ అది మెసేజ్ ఫైల్‌గా తననే రిజిస్టర్ చేసుకుంటుంది. దానిలో 1 నుంచి 1000 దాకా ఐడీలకే పాఠం ఉంది. డాట్ నెట్ కోడ్‌లో ఐడీ ఇవ్వకపోతే 0 వెళ్తుంది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో మన సందేశానికి ముందు "ద డిస్క్రిప్షన్ ఫర్ ఈవెంట్ ఐడీ 0 కెనాట్ బి ఫౌండ్" అనే పెద్ద పేరా వచ్చి కూర్చుంటుంది. రిజిస్ట్రీలో చేత్తో కీ పెట్టి ఈవెంట్‌మెసేజ్‌ఫైల్ విలువ మరిచిపోయినా ఇదే. ఆ విలువలో డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్‌లోని, అంటే వి4.0.30319 కింద ఉండే, ఈవెంట్‌లాగ్‌మెసేజెస్ డీఎల్ఎల్ పూర్తి దారి ఉండాలి. న్యూ-ఈవెంట్‌లాగ్ ఇదంతా తానే చూసుకుంటుంది, అందుకే నాకు అదే నచ్చుతుంది. అలా తయారైన సోర్స్‌ని ఈవెంట్‌క్రియేట్‌తో పరీక్షించబోతే అది ఒప్పుకోదు, తాను తయారుచేసినవాటికే రాస్తుంది. పరీక్షకి రైట్-ఈవెంట్‌లాగ్ వాడాలి.

ఒక సోర్స్ ఒక లాగ్‌కే చెందుతుంది. ముందు అప్లికేషన్ లాగ్‌లో పెట్టి, తరువాత మనసు మార్చుకుని సొంత లాగ్‌కి మారిస్తే, మెషీన్‌ని రీస్టార్ట్ చేసేదాకా సందేశాలు పాత లాగ్‌లోనే పడుతుంటాయి. ఏ లాగ్ అన్నది మొదటే తేల్చుకుంటే ఈ తిప్పలుండవు.

అసలు రాయబోతున్నది ఎవరు అన్నది మధ్యాహ్నం తేల్చిన విషయం. ఐఐఎస్ మేనేజర్‌లో యాప్ పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఐడెంటిటీ చూస్తే అప్లికేషన్‌పూల్‌ఐడెంటిటీ అని ఉంది. ఐఐఎస్ 7.5 నుంచి, అంటే విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి, మామూలుగా ఉండేది ఇదే. అంతకుముందు నెట్‌వర్క్ సర్వీస్ ఉండేది. కొత్త పద్ధతిలో ప్రతి పూల్‌కీ దాని పేరుతోనే ఒక వర్చువల్ అకౌంట్ ఉంటుంది: ఐఐఎస్ యాప్‌పూల్, తరువాత బ్యాక్‌స్లాష్, తరువాత పూల్ పేరు. యూజర్ల జాబితాలో వెతికితే కనబడదు. పర్మిషన్ ఇచ్చే డబ్బాలో లొకేషన్‌ని డొమైన్ నుంచి ఈ మెషీన్‌కి మార్చి, పూర్తి పేరు టైప్ చేసి, చెక్ నేమ్స్ నొక్కితే అప్పుడు గుర్తిస్తుంది. లొకేషన్ డొమైన్ మీదే వదిలేసి "ఇలాంటి అకౌంట్ లేదంటోంది" అని ఆగిపోయేవాళ్లు చాలామంది.

అనుమానం పూర్తిగా తీరాలంటే, ఏ ప్రాసెస్ ఏ ఫైల్, ఏ రిజిస్ట్రీ కీ తెరుస్తోందో చూపే ప్రాసెస్ మానిటర్ నడపాలి. సర్వర్‌లో అది పెట్టే వేగానికి లక్షల వరుసలు వచ్చిపడతాయి కాబట్టి ముందే ఫిల్టర్ పెట్టుకోవాలి: ప్రాసెస్ పేరు డబ్ల్యూ3డబ్ల్యూపీ (ఐఐఎస్ పూల్ ప్రాసెస్ ఇదే), దారిలో ఈవెంట్‌లాగ్ అనే మాట. సేవ్ నొక్కగానే వరుసలు కదిలాయి. అప్లికేషన్ కీ తెరిచింది, సక్సెస్. దాని కింద మన సోర్స్ పేరుతో కీ అడిగింది, నేమ్ నాట్ ఫౌండ్. తరువాత లాగ్, తరువాత లాగ్, అదే జవాబు. సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికి యాక్సెస్ డినైడ్. ఆ తరువాత కూడా మిగిలిన లాగ్‌లు చూస్తూనే పోయింది. ఎర్రర్ వాక్యంలో ఉన్నదంతా అక్కడ వరుసగా కళ్లముందుంది. ఫిల్టర్‌లో యాక్సెస్ డినైడ్ ఒక్కదాన్నే పెట్టుకునేవాళ్లకి ఈ నేమ్ నాట్ ఫౌండ్‌లు కనబడవు, సెక్యూరిటీ ఒక్కటే కనబడి మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది. డీటెయిల్ కాలమ్ కూడా చదవాలి. అప్లికేషన్‌లో ఇంపర్సనేషన్ ఆన్ అయి ఉంటే అక్కడ ఇంపర్సనేటింగ్ అని, పక్కన లాగిన్ అయిన మనిషి పేరు ఉంటుంది. అప్పుడు అమలయ్యేవి పూల్ హక్కులు కావు, ఆ మనిషి హక్కులు. "అడ్మిన్‌కి పనిచేస్తుంది, మామూలు యూజర్‌కి పనిచేయదు" అనే ఫిర్యాదుల్లో ఇది తప్పకుండా చూడాల్సిన చోటు.

డెవలపర్ మెషీన్‌లో ఎందుకు రాలేదన్న ప్రశ్న కూడా వచ్చింది. విజువల్ స్టూడియోని ఒక్కసారి అడ్మిన్‌గా తెరిచి నడిపితే చాలు, మొదటి రైట్‌ఎంట్రీలోనే సోర్స్ తయారైపోతుంది. ఆ తరువాత ఎలా నడిపినా ఇబ్బంది లేదు. అందుకే కోడ్‌లో ఆ లోటు కనబడకుండా సర్వర్ దాకా వచ్చేస్తుంది.

దీనితో కలిపేయకూడని ఎర్రర్ ఇంకొకటి ఉంది: "కెనాట్ ఓపెన్ లాగ్ ఫర్ సోర్స్. యూ మే నాట్ హావ్ రైట్ యాక్సెస్." ఇది ఇన్‌వ్యాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్‌గా వస్తుంది. ఇక్కడ సోర్స్ దొరికింది, లాగ్‌లో రాసే హక్కే లేదు. అప్పుడు చూడాల్సింది వెవ్‌ట్‌యుటిల్ జీఎల్ అప్లికేషన్ కమాండ్ ఇచ్చే ఛానెల్‌యాక్సెస్ వరుస. దానిలో చదవడానికి 1, రాయడానికి 2, చెరపడానికి 4. మామూలుగా సర్వీస్‌గా లాగాన్ అయినవాళ్లకీ, బ్యాచ్‌గా లాగాన్ అయినవాళ్లకీ 3 ఉంటుంది, అంటే చదవడం, రాయడం రెండూ. ఎవరైనా గట్టి భద్రత పేరుతో ఈ వరుసని కత్తిరించినచోట ఈ ఎర్రర్ వస్తుంది. ఇది నిజంగా పర్మిషన్ సమస్య, దీనికి మందు పర్మిషనే. అప్లికేషన్‌లో లాగ్ చూపించే పేజీ ఉందని పూల్ అకౌంట్‌ని ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూపులో వేసేముందు మాత్రం ఆలోచించాలి. ఆ గ్రూపుకి సెక్యూరిటీ లాగ్ చదివే హక్కూ ఉంది. వేస్తే పూల్‌ని రీసైకిల్ చేయాలి, గ్రూపు సభ్యత్వం ప్రాసెస్ మొదలైనప్పుడే లెక్కలోకి వస్తుంది.

సోర్స్ తయారయ్యాక సేవ్ నొక్కితే ఎర్రర్ పేజీ పోలేదు, మారింది. ఈసారి ఈవెంట్ వ్యూయర్‌లో అసలు కారణం పడింది: జతచేసిన ఫైళ్ల ఫోల్డర్‌కి యాక్సెస్ డినైడ్. మొదట విఫలమైంది ఇదే. కోడ్ దాన్ని క్యాచ్‌లో, అంటే ఎక్సెప్షన్‌ని అందుకునే భాగంలో, పట్టుకుని ఈవెంట్ లాగ్‌లో రాయబోయింది, ఆ రాయడమే కొత్త ఎక్సెప్షన్ విసిరి పాతదాన్ని మింగేసింది. ఫోల్డర్ హక్కులు నెట్‌వర్క్ సర్వీస్ పేరు మీదే ఉన్నాయి, పూల్ మాత్రం కొత్త పద్ధతిది. ఐక్యాకల్స్ కమాండ్‌తో పూల్ అకౌంట్‌కి ఆ ఒక్క ఫోల్డర్ మీద, లోపలివాటికీ వర్తించేలా, మాడిఫై ఇస్తే సేవ్ పనిచేసింది.

అందుకే క్యాచ్‌లో లాగ్ రాసే వరుసకి దానిదంటూ ఒక ట్రై ఉండాలి. ఈవెంట్ లాగ్ కుదరకపోతే ఫైల్‌లోకి రాయాలి, అదీ కుదరకపోతే మౌనంగా వదిలేసి అసలు ఎక్సెప్షన్‌ని పైకి పోనివ్వాలి. సందేశం పొడవునీ కత్తిరించాలి, 31,839 అక్షరాలు దాటితే రైట్‌ఎంట్రీ ఒప్పుకోదు. పెద్ద స్టాక్ ట్రేస్‌తో పాటు రిక్వెస్ట్ మొత్తం కలిపి రాసే కోడ్‌లో ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. సోర్స్‌ఎగ్జిస్ట్స్ అడిగి, లేకపోతే తయారుచేసే ఆ నాలుగు వరుసలు వెబ్ కోడ్‌లో ఎక్కడున్నా తీసేయాలి. లేదని చెప్పాల్సిన సందర్భంలోనే అది ఎక్సెప్షన్ విసురుతుంది, అందువల్ల ఆ జాగ్రత్త అక్కరకు రాదు.

కొత్త తరం ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో సంగతి కొంచెం వేరు. సోర్స్ పేరు ఇవ్వకపోతే డాట్ నెట్ రన్‌టైమ్ అనే పేరుతో రాస్తుంది. సొంత పేరు ఇచ్చి రిజిస్టర్ చేయకపోతే అప్లికేషన్ పడిపోదు, అప్లికేషన్ లాగ్‌లో "అన్‌ఏబుల్ టు లాగ్ డాట్ నెట్ అప్లికేషన్ ఈవెంట్స్" అని ఒక ఎంట్రీ పెట్టి ఆ తరువాత రాయడం మానేస్తుంది. అప్లికేషన్ హాయిగా నడుస్తుంటే లాగ్ ఖాళీగా ఉండటానికి ఇది ఒక కారణం. లైనక్స్ మీద ఈవెంట్ లాగ్ అన్నదే లేదు, అక్కడ ఈ కోడ్ ప్లాట్‌ఫామ్ నాట్ సపోర్టెడ్ అంటుంది. అడ్మిన్ హక్కులు దొరకని షేర్డ్ హోస్టింగ్‌లో సోర్స్ కోసం తంటాలు పడకుండా ఫైల్‌కి గానీ డేటాబేస్‌కి గానీ రాయడమే మేలు.

సోర్స్ తయారుచేసే వరుస సాయంత్రం డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులో చేరింది, ఐఐఎస్ సైట్ తయారుచేసే వరుసకి ముందు. ఉంటే వదిలేస్తుంది, లేకపోతే తయారుచేస్తుంది. అడ్మిన్‌గా నడిచే స్క్రిప్టు కాబట్టి ఇక్కడ సోర్స్‌ఎగ్జిస్ట్స్ అడగడంలో ఇబ్బంది లేదు. చివర్లో సర్వర్ పేరుతో ఒక పరీక్ష ఎంట్రీ రాస్తుంది. మిగిలిన సర్వర్లలో ఆ ఎంట్రీ పడిందో లేదో రేపు ఒక్కొక్కటిగా చూడాలి.