పొయ్యి దగ్గర మొదలయ్యే పరిచర్య

మిజోరం రాజధాని ఐజ్వాల్ చేరిన మరునాడు, ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే, వంటింట్లో గిన్నెల చప్పుడు విని లేచి వెళ్ళాను. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దావిడ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి గిన్నెలో పోసుకుని, కడగబోయే ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ గిన్నెలోంచి గుప్పెడు తీసి గోడవారగా ఉన్న మూతడబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, ఆ తరువాతే బియ్యం కడిగింది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. సాయంత్రం వంట మొదలుపెట్టినప్పుడు మళ్ళీ ఒక గుప్పెడు తీసింది. మిజోలు పొద్దున పెందలాడే ఒకసారి, పొద్దు వాలే వేళకు ఒకసారి అన్నం తింటారు. ఆ రెండు పూటలా ఆ డబ్బాకు వాటా ఉంటుంది. మిజో భాషలో దీనిని ‘బుహ్‌ఫాయ్ థమ్’ అంటారు. బుహ్‌ఫాయ్ అంటే బియ్యం, థమ్ అంటే గుప్పెడు. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలోని స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఈ అలవాటు నూరేళ్ళు దాటినా ఆగలేదని విని, దానిని కళ్ళారా చూడడానికే మేము ముగ్గురం మెదక్ ప్రాంతం నుంచి అంత దూరం వెళ్ళాము.

మా నాయనమ్మ ఇంట్లో కూడా ఇటువంటి ముంత ఒకటి ఉండేది. స్త్రీల మైత్రి కూడిక జరిగే రోజున ఆ ముంతలోని బియ్యాన్ని కొంగున కట్టుకుని తీసుకువెళ్ళి చర్చి గుడిలో గంపలో పోసేది. దానిని మేము పిడికెడు బియ్యం అనేవాళ్ళం. నా చిన్నతనంలోనే ఎప్పుడో అది మా ఊళ్ళో ఆగిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆపినట్టు ఎవరికీ గుర్తు కూడా లేదు. జీతాలు వచ్చాయి, కానుక కవర్లు వచ్చాయి, ముంత అటక ఎక్కింది. తిండిగింజలకూ సంఘానికీ ఉన్న బంధం మా వైపు కొత్తదేమీ కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గుడి కూడా మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంలో జనానికి పని పెట్టి, తిండి దొరికేలా చేస్తూ కట్టించినదే. అయితే మా దగ్గర గింజలు ఇచ్చే చేయి పైనుంచి కిందికి వచ్చింది. మిజో కొండల్లో అది కిందినుంచి మొదలైంది. ఉద్యోగ విరమణ తరువాత మా సంఘ స్త్రీలతో కలిసి పరిచర్య పనులు చూస్తున్నప్పుడల్లా ఈ తేడా నా మనసులో మెదిలేది.

హైదరాబాదు నుంచి కోల్‌కతా మీదుగా లెంగ్‌పుయి విమానాశ్రయంలో దిగి, బయటి రాష్ట్రాలవారికి అవసరమైన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని, టాక్సీలో కొండ దారి పట్టాము. దారిలో సైరాంగ్ దగ్గర త్లోంగ్ నది కనిపించగానే బండి ఆపమన్నాను. 1894 జనవరి 11న లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు ఆంగ్ల మిషనరీ యువకులు పడవ మీద వచ్చి దిగింది ఇక్కడే. ఆ రోజును మిజోరంలో నేటికీ మిషనరీ దినంగా పాటిస్తారు. ప్రభుత్వ సెలవు కూడా ఉంటుంది. మేము వెళ్ళినది ఆ పండుగ దాటిన వారానికి. జనవరి నది పలుచగా, పచ్చగా, చప్పుడు లేకుండా పారుతోంది. ఆ ఇద్దరూ అక్కడ ఉన్నది నాలుగేళ్ళకు లోపే గానీ, ఆ కొద్దికాలంలోనే రాత లేని మిజో భాషకు రోమన్ అక్షరాలతో లిపి కూర్చారు, బడి పెట్టారు, సువార్తల అనువాదం ప్రారంభించారు, వ్యాకరణమూ నిఘంటువూ సిద్ధం చేశారు. 1897లో వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్ సంఘం నుంచి డి. ఇ. జోన్స్ వచ్చి ఆ పనిని అందుకున్నాడు. 1899లో ఖుమా, ఖారా అనే ఇద్దరు మొదటిసారిగా బాప్తిస్మం తీసుకున్నారు. అది జరిగి పదకొండేళ్ళు గడిచేసరికి, అంటే తమకు అక్షరం వచ్చిన ఒక తరంలోపే, ఆ ఊళ్ళ స్త్రీలు తమ పొయ్యి దగ్గర డబ్బా పెట్టుకున్నారన్నమాట. నది ఒడ్డున నిలబడి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మేము దిగిన ఇల్లు మిషన్ వెంగ్‌లో ఉంది. వెంగ్ అంటే పేట. ఐజ్వాల్ నగరమంతా కొండ వీపు మీద కట్టినది కావడంతో ఒక ఇంటి డాబా ఇంకొక ఇంటి గడప ఎత్తులో ఉంటుంది; పక్కింటికి వెళ్ళాలన్నా మెట్లు ఎక్కాలి, లేదా దిగాలి. మా ఆతిథేయురాలు ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడ. వెల్లూరులో కొంతకాలం శిక్షణ పొందినప్పుడు తెలుగు అమ్మాయిలతో కలిసి ఉన్నదట. నన్ను చూసిన వెంటనే ‘అక్కా’ అని పిలిచింది. పెద్ద వయసు స్త్రీలను అక్కడ గౌరవంగా ‘పి’ అంటారు కాబట్టి మేమూ ఆవిడను ‘పి’ అనే పిలిచాము.

రెండో రోజు సాయంత్రం ఆవిడను అడిగాను, ‘పీ, నెలకు ఒకసారి డబ్బు ఇస్తే సరిపోదా? ఇప్పుడు మీ అందరికీ జీతాలు ఉన్నాయి కదా?’ అని. ఆవిడ నవ్వి, ‘డబ్బు కూడా ఇస్తాం అక్కా, దశమభాగం వేరు, ఇది వేరు. డబ్బు ఇచ్చేది ఇంట్లో సంపాదించేవాళ్ళు. మా అమ్మ చేతిలో ఎన్నడూ డబ్బు ఆడలేదు; ఆమె చేతిలో ఉన్నది బియ్యం గిన్నె ఒక్కటే. దానిలోంచి ఆమె ఎవరినీ అడగకుండా ఇవ్వగలిగింది’ అన్నది. తరువాత చాలాసేపు తన తల్లి గురించి చెప్పింది. 1966లో మిజోల సాయుధ తిరుగుబాటు మొదలై, మార్చి 5న ఐజ్వాల్ మీద భారత వైమానిక దళ విమానాలు బాంబులు వేసిన తరువాత, కొండల మీది ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్కన సైన్యం కాపలాలో గుంపులుగా ఉంచారు. పోడు వ్యవసాయం పోయింది. రేషన్‌లో వచ్చిన కొద్దిపాటి గింజల మీద బతికిన ఆ రోజుల్లో ఆవిడ తల్లి గుప్పెడు తీయలేక మూడు వేళ్ళ చిటికెడు తీసి డబ్బాలో వేసేదట. ‘పిల్లలం ఏడ్చేవాళ్ళం, మాకు పెట్టమని. అమ్మ ఆ చిటికెడు వేసి, తన కంచంలోంచి మాకు పెట్టేది’ అని చెబుతూ ఆవిడ లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. తినడానికి ఉన్నంతకాలం దేవునికి ఇవ్వడానికి కూడా ఉంటుందని మిజో స్త్రీలు చెప్పుకుంటారు. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు చక్కగా ఉందనుకున్నాను. ఆ వంటింట్లో కూర్చుని విన్నప్పుడు దాని బరువు వేరుగా ఉంది.

ఆదివారం నాడు ఊరంతా దుకాణాలు మూసి, పొద్దున్నే పెద్దలూ పిన్నలూ చంకన పుస్తకాలు పెట్టుకుని సండే స్కూలుకు బయలుదేరడం చూశాము. అక్కడ సండే స్కూలు పిల్లలకే పరిమితం కాదు. డెబ్బై ఏళ్ళ తాతలు కూడా బెంచీల మీద కూర్చుని పాఠం వింటారు. ఆరాధనలో ‘ఖువాంగ్’ అనే డోలు మోగుతుంటే సంఘమంతా సాగదీసిన రాగంలో పాడింది. మొదటి తరంలో మిషనరీలు గుడిలోకి రానివ్వని ఆ డోలు, తరువాతి ఉజ్జీవాల (ఆత్మీయ మేల్కొలుపుల) కాలంలో మిజోల పట్టుదలతో లోపలికి వచ్చిందని విన్నాను. ఆరాధన తరువాత ఒక సంఘ పెద్ద మాతో కూర్చుని ఏర్పాటంతా వివరించారు. సంఘ పెద్దలను వారు ‘ఉపా’ అంటారు. సంఘమే వారిని ఎన్నుకుంటుంది. కొన్ని సంఘాలు కలిసి ఒక పాస్టరు కింద ఒక ‘బియాల్’ అవుతాయి, కొన్ని బియాళ్ళు ఒక ప్రెస్బిటరీ, వాటన్నిటి మీద సినడ్. ప్రతి వారం స్త్రీలు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన బియ్యాన్ని తూచి అమ్ముతారు. ఆ సొమ్ము సంఘపు లెక్కలోకి చేరి, పైమెట్టుకు వెళ్ళి పరిచర్యకు ఖర్చవుతుంది. ఒక్కోసారి తమ ఇంటి నుంచి వెళ్ళిన బియ్యాన్నే తాము మళ్ళీ కొనుక్కుంటారట. మొదట్లో ఆ సొమ్ముతో ఊరూరా తిరిగి స్త్రీలకు బోధించే బైబిలు స్త్రీలను పోషించారు. ఇప్పుడు సినడ్ మిషన్ బోర్డు ద్వారా అస్సాం, త్రిపుర, అరుణాచల్ ప్రదేశ్ వంటి చోట్ల పనిచేసే వారికి కూడా సంఘాల కానుకలే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం జనం పదకొండు లక్షలకు లోపే. అంత చిన్న రాష్ట్రం నుంచి వేల్స్ దేశానికి కూడా, అంటే ఒకప్పుడు తమకు సువార్త తెచ్చిన చోటికే, పాస్టర్లు సేవకు వెళ్ళారు. ఆ పెద్దాయన ఈ సంగతి గొప్పగా చెప్పలేదు, అప్పు తీర్చినవాడి నెమ్మదితో చెప్పారు.

మంగళవారం దుర్త్‌లాంగ్ వెళ్ళాము. నగరానికి ఉత్తరాన, ఇంకా ఎత్తైన గుట్ట మీద 1928లో డాక్టర్ జాన్ విలియమ్స్ మొదలుపెట్టిన ఆసుపత్రి ఉంది. ప్రెస్బిటేరియన్ సంఘమే దానిని నడుపుతోంది. మా ఆతిథేయురాలు పనిచేసినదీ అక్కడే. వరండాలో నడుస్తూ ఆవిడ అంతకు ముందరి వైద్యుడి కథ చెప్పింది. 1908లో వచ్చిన డాక్టర్ పీటర్ ఫ్రేజర్ రోగాలకు మందు ఇవ్వడంతో ఆగలేదు. ఆకలికో అప్పుకో ఊరి నాయకుడి ఇంట్లో తలదాచుకున్నవారు తరతరాలు అక్కడే చాకిరీ చేయవలసి వచ్చే ‘బోయి’ పద్ధతిని ఆయన బానిసత్వమనే అన్నాడు. విడుదల కావాలంటే నలభై రూపాయలు కట్టాలి. ఆ రోజుల్లో కొండవాళ్ళకు అది అందని సొమ్ము. ఫ్రేజర్ ఆ విషయమై ఇంగ్లండు దాకా పోరాడాడు. మిజో కొండలను పాలించే బ్రిటిష్ అధికారులకు అది నచ్చక, 1912లో ఆయన ఆ కొండలు విడిచి వెళ్ళవలసి వచ్చింది. పరిచర్య అంటే పాటలూ ప్రసంగాలూ మాత్రమే అనుకునేవారికి ఈ కథ ముందుగా చెప్పాలని నాకు అనిపించింది. స్త్రీలు గుప్పెడు బియ్యం తీయడం మొదలుపెట్టిన 1910 కూడా ఈ పోరాటం నడుమనే వచ్చింది.

ఈ తరానికి వేరే గాయాలు ఉన్నాయి. దేశంలో ఎయిడ్స్‌కు కారణమయ్యే హెచ్‌ఐవి సోకినవారి శాతం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మిజోరం ముందు వరుసలో ఉంది. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చే మత్తుమందు, సూదులు దానికి ఒక కారణం. మద్య నిషేధ చట్టం కోసం సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. కానీ నిషేధం ఒక్కదానితో మత్తు పోదని ఆ వార్డుల పక్కన నడిచినవారికి తెలుస్తుంది. చట్టం గురించి మేము ఎవరినీ వాదనకు పిలవలేదు. మా ఆతిథేయురాలు మాత్రం, ‘మొదట్లో అటువంటి పిల్లల ఇళ్ళకు ఎవరూ వెళ్ళేవారు కాదు. చనిపోతే సమాధి తవ్వడానికి పేట కుర్రాళ్ళు వస్తారు, బతికి ఉండగా మంచం దగ్గరికి ఎవరు వస్తారు?’ అని, తాను సెలవు రోజుల్లో వెళ్ళి కూర్చున్న ఇళ్ళను కిటికీలోంచి ఒక్కొక్కటిగా చూపించింది. పేటలో చావు జరిగితే యంగ్ మిజో అసోసియేషన్ యువకులు సమాధి తవ్వి, ఆ ఇంటివారితో రాత్రంతా పాటలు పాడుతూ కూర్చోవడం అక్కడ తప్పనిసరి మర్యాద. తనకు కష్టమైనా ఎదుటివారికి ఆసరాగా నిలబడాలనే గుణాన్ని వారు ‘త్లోమ్‌ఙైహ్నా’ అంటారు. అది సువార్తకు ముందునుంచీ ఆ కొండల్లో ఉన్నదే. సంఘం దానికి ఇంకొంచెం దూరం నడిచే దారి చూపింది.

2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు ఆ దూరం ఎంతో తెలిసింది. సరిహద్దు తియావ్ నది దాటి చిన్ ప్రజలు ముప్ఫై వేలకు పైగా మిజోరంలోకి వచ్చారు. భాషలోనూ రక్తంలోనూ తమకు దగ్గరివారైన ఆ మనుషులకు ప్రభుత్వం కాగితాలు తేల్చేలోపే సంఘాలూ పేట యువకులూ అన్నం పెట్టారు, గుడిసెలు వేశారు. మిషన్ వెంగ్ నుంచి కూడా బియ్యం, దుప్పట్లు లారీల్లో వెళ్ళాయని విన్నాము. శిబిరంలో పుట్టిన ఒక పాపకు వారం రోజులు పాలపొడి కలిపి పట్టిన సంగతి చెబుతూ ఆవిడ ముఖం వెలిగింది. ఆ పాప ఇప్పుడు బడికి వెళుతోందట.

మా తిరుగు ప్రయాణం శనివారం. పొద్దున్నే ఇద్దరు అమ్మాయిలు పెద్ద సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు, వారం బియ్యం కోసం. ఆవిడ డబ్బా తెచ్చి మూత తీసింది. ఒంటరిగా ఉండే మనిషి ఇంట్లో పోగయ్యే బియ్యం కన్నా అది ఎంతో ఎక్కువగా కనిపించి, ‘ఇంత ఎలా వచ్చింది?’ అని అడిగాను. ‘మీరు వచ్చిన రోజు నుంచి నాలుగు గుప్పెళ్ళు తీస్తున్నాను అక్కా. మీరు తిన్న అన్నంలోంచి మీ వాటా నేను ఎట్లా ఉంచుకుంటాను?’ అన్నది. తరువాత డబ్బాను నా చేతుల్లో పెట్టింది. నేను సంచీ అంచు పట్టుకుని నెమ్మదిగా పోశాను. అడుగున నాలుగు గింజలు అంటుకుని ఉంటే వాటినీ వేలితో రాల్చాను. ఆ అమ్మాయి సంచీ మూతి బిగించి భుజాన వేసుకుని, ‘కా లోమ్ ఎ’ అని తమ భాషలో కృతజ్ఞత చెప్పి, పక్కింటి మెట్లు దిగింది.