ఈసారి వారోత్సవాల్లో ముగ్గుల పోటీ లేదు

పొద్దున్నే ఎనిమిదింటికి లైబ్రరీ తెరిచి, పేపర్ చదివే తాతగార్లు ఎవరి కుర్చీల్లో వాళ్ళు సెటిలయ్యాక నవంబర్ పని ముందేసుకుని కూర్చున్నా. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, ఏటా అదే వరస, మొదటిరోజు నెహ్రూ గారి ఫొటోకి దండ, తర్వాత వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, ఆఖరిరోజు ప్రైజులు. ముగ్గుల మీద నాకు కోపమేం లేదు గానీ వారం మొత్తం అయిపోయినా ఒక్క పిల్ల కూడా బీరువా తలుపు తీసి చూడదు, అదీ నా బాధ. పైగా పోటీ అనగానే ఎప్పుడూ గెలిచే పిల్లలే ముందుంటారు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడానికొస్తారు.

అందుకని రోజుకో థీమ్ పెడదామనుకున్నా. చిన్నపిల్లలకి మొదటిరోజు పడవ. మా తెనాలి వైపు పిల్లలకి ఇది చెప్పకపోతే ఎలా, 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు వాళ్ళు పుస్తకాలు పడవకెక్కించి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద ఊరూరా తిప్పారు మరి! రీడింగ్ రూంలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేసి చుట్టూ ఫ్లెక్సీ కడితే పడవైపోద్ది, చీపురుకర్రే తెడ్డు, ఊరి పేరు రాసిన అట్ట కనపడినప్పుడల్లా పడవ ఆపి ఒకళ్ళు దిగి పుస్తకంలో ఒక పేజీ చదవాలి. ఇదంతా మా అటెండర్‌కి చెప్తే "పడవ బానే ఉంది గానీ మేడం, అందరూ ఒకేసారి ఎక్కితే బెంచీ మునుగుద్ది" అన్నాడు. ఫ్లెక్సీ మాత్రం తనే తెస్తానన్నాడు, పోయిన ఎలక్షన్లది ఒకటి వాళ్ళింట్లో కట్టెల మీద కప్పి ఉందంట. ముఖాలు లోపలికి తిప్పి కట్టమన్నా.

రెండోరోజు నంబర్ల వేట. పుస్తకాల వీపు మీద అది ఏ విషయం పుస్తకమో చెప్పే నంబర్లుంటాయి, పిల్లలెవరూ పట్టించుకోరు గదా, 398 జానపద కథలు, 523 గ్రహాలూ నక్షత్రాలూ, 598 పక్షులు, 641 వంటలు, ఒక్కోదానికి ఒక పొడుపు చీటీ రాస్తున్నా. వంటల దానికి "ఇక్కడ పులుసు కాగుద్ది, పొయ్యి మాత్రం ఉండదు" అని రాశా, కుదిరింది. పక్షులది రాద్దామని ర్యాక్ దగ్గరకెళ్తే అక్కడ కొంగల పుస్తకం లేదు, వెతగ్గా వెతగ్గా కాంపిటీటివ్ పుస్తకాల మధ్య దొరికింది, గ్రూప్ టూకి చదివే కుర్రాళ్ళు దాంతో ఏం చేశారో దేవుడికే ఎరుక. వేట పెట్టాలంటే ముందు ర్యాకులన్నీ సర్దుకోవాలి, ఆ వంకనైనా ఆ పని జరుగుద్ది.

అసలు తలనొప్పి తొమ్మిది, పది చదివే పిల్లలతో. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ తీశాక ఇద్దరు తొమ్మిదో క్లాసు అమ్మాయిలొస్తే కూర్చోబెట్టి అడిగా. "మేడం, పడవలూ అవీ మాకొద్దు, అవి చిన్నపిల్లలకి" అన్నారు. మరేం కావాలే అంటే ఇద్దరూ ఒకేసారి "దెయ్యాలు!" అన్నారు, స్కూలు సార్లెవరూ రాకూడదని కండిషన్ కూడా. సరే, లైట్లు తీసేసి టార్చి మధ్యలో పెట్టుకుని వాళ్ళ నాయనమ్మల దగ్గర విన్న దెయ్యం కథలు ఒక్కొక్కళ్ళు చెప్పాలి, అయ్యాక పుస్తకాలు పేపర్‌లో చుట్టి పైన మొదటి వాక్యం మాత్రమే రాసి పెడతాం, పేరు చూడకుండా నచ్చింది పట్టుకెళ్ళాలి. నవంబర్లో ఆరుకే చీకటి గదా, ఆరున్నరకల్లా అమ్మానాన్నలొచ్చి తీసుకెళ్ళాలని చీటీ పంపాలి. "బాగోకపోతే?" అంది ఒకమ్మాయి. మార్చుకోవే, ఎవరొద్దన్నారు అన్నా.

మన దేశంలో గ్రంథాలయశాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ గారు 1931లో లైబ్రరీల కోసం రాసిన అయిదు సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలనేది రెండోది, మేమంతా పరీక్షకి బట్టీ పట్టినదే. కానీ పుస్తకం ఇంటికివ్వాలంటే డిపాజిట్ కట్టి మెంబర్ అవ్వాలి, ఈ పిల్లల్లో చాలామందికి కార్డే లేదు, ఇంట్లో అడిగితే అదెందుకు దండగ అంటారంట. ఎలాగూ ముగ్గుల పోటీ తీసేస్తున్నా కాబట్టి ఆ ప్రైజుల డబ్బు వీళ్ళ డిపాజిట్లకి వాడొచ్చా అని పైఆఫీసుని అడగాలి. రూల్ లేదంటారేమో, అప్పుడు పేపర్ చదివే తాతగార్లనే తలా ఒక పిల్లకి కట్టమని అడుగుతా. రేపు శుక్రవారం మాకు సెలవు, శనివారం ఫోన్ చేస్తా.